చేపల తొట్టికి పండగ శుభ్రం పనికిరాదు

విశాఖపట్నం: పండగకు ఇల్లు కడిగిన చేత్తోనే హాల్లోని ఉప్పునీటి చేపల తొట్టినీ కడిగేస్తారు కొందరు. రాళ్లు బయటికి తీసి కుళాయి కింద బ్రష్షుతో రుద్దుతారు. ఫిల్టరు స్పాంజి తెల్లబడేదాకా పిండుతారు. తొట్టి అద్దంలా మెరుస్తుంది. రెండో రోజో, మూడో రోజో తెల్లచారల నారింజ చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. జబ్బు చేసిందనుకుని ఇంటాయన మందు కోసం పరుగెడతాడు. చేపకు జబ్బేమీ లేదు. దాని మురికిని శుద్ధిచేసే పనివాళ్లు ఆ కుళాయి కిందే పోయారు.

ఆ పనివాళ్లు కంటికి కనబడని బాక్టీరియా. చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్లి అమోనియా అవుతుంది. అది విషం. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. రాతి సందుల్లో, ఇసుక అడుగున గాలి చొరని చోట ఉండేవి ఆ నైట్రేట్‌ను నత్రజనిగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. ఎవరి వాటా వారిదే. అమోనియా పని బాక్టీరియాదేనని చాలాకాలం అనుకున్నారు. ఆర్కియా అనే వేరే కోవ జీవులూ ఆ పని చేస్తాయని 2005లో తేలింది. అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో ఒక తొట్టి అడుగునే అవి దొరికాయి.

కొత్త తొట్టిలో ఈ సంసారం కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా ఆగే ఓపిక కొనేవారికి తక్కువ, అమ్మేవారికి ఇంకా తక్కువ. చెయ్యి తిరిగినవారు ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి నుంచి గుప్పెడు ఇసుక తెచ్చి వేస్తారు, పాలకు తోడు పెట్టినట్టు. సీసాల్లో అమ్మే బాక్టీరియాలో ఉండేవి కొన్ని రకాలే. పాత ఇసుకతో ఎన్నో రకాలు వస్తాయి.

సముద్రం పక్కనే ఉంది కదా అని పగడపు రాయి పట్టుకొస్తే మాత్రం కేసే. 2001 నుంచి రీఫు కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులి సరసన ఉన్నాయి. చిల్లులున్న పింగాణీ రాళ్లతో పని జరుగుతుంది.

స్పాంజిని తొట్టిలోంచి తీసిన ఉప్పునీటిలోనే పిండాలి. రాళ్లూ స్పాంజీ ఒకే రోజు ముట్టుకోకూడదు. కుళాయి నీటిలోని క్లోరిన్ మంచీ చెడ్డా చూడదు. చేపకు నిజంగానే జబ్బు చేస్తే వేరే తొట్టిలో మందు వేయాలి. టెట్రాసైక్లిన్ గొట్టం విప్పి పెద్ద తొట్టిలో పోస్తే రోగక్రిమితోపాటు పనివాళ్లూ చస్తారు.

ఇక కరెంటు కోత. మూతవేసిన ఫిల్టరు డబ్బాలో కొన్ని గంటలకే ప్రాణవాయువు అయిపోతుంది. బ్యాటరీ గాలిపంపు ఒకటి ఇంట్లో ఉంటే చేపలు గట్టెక్కుతాయి. కరెంటు రాగానే స్విచ్చి నొక్కకుండా డబ్బా మూత తీసి వాసన చూడాలి. కుళ్లిన గుడ్డు కంపు కొడితే, ఈసారి మాత్రం కడగాల్సిందే.