మీకు తెలుసా? హోరు పెట్టని కంప్యూటర్

కంప్యూటర్‌లో హోరు పెట్టేది ప్రాసెసర్ కాదు, దాన్ని చల్లబరిచే ఫ్యాన్. 80 మిల్లీమీటర్ల బుల్లి ఫ్యాన్ గిర్రున తిరిగి తోసే గాలిని 140 మిల్లీమీటర్ల ఫ్యాన్ తాపీగా తోసేస్తుంది. కాబట్టి కేబినెట్ కొనేటప్పుడు రంగురంగుల లైట్లు కాదు, ముందువైపు గాలి దూరే జాలీ ఉందా, పెద్ద ఫ్యాన్ పడుతుందా అన్నది చూడాలి. ఇంకో వింత: అదే రకం ఫ్యాన్ రెండోది పెడితే మోత రెండింతలు అనిపించదు, పెరిగేది సుమారు 3 డెసిబెల్సే. ఒక్కదాన్ని పరుగెత్తించే కంటే రెండింటిని నడిపించడం నయం. హార్డ్ డిస్క్ గరగర వద్దనుకుంటే ఎస్‌ఎస్‌డీ. అందులో కదిలే భాగమే లేదు.

ఇక తర్వాత ప్రాసెసర్ మార్చుకునే వీలంతా మదర్‌బోర్డు సాకెట్‌లో ఉంది. 2017లో తొలి రైజెన్ ప్రాసెసర్ కోసం ఏఎం4 సాకెట్ ఉన్న బోర్డు కొన్నవాళ్లలో చాలామందికి, బయోస్ అప్‌డేట్ చేసుకుంటే చాలు, 2022 నాటి 5800ఎక్స్3డీ ప్రాసెసర్ కూడా అందులోనే పట్టింది. కేబినెట్ కొలతలైతే ఇప్పటికీ 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్‌వే. బోర్డులు మారినా కేబినెట్, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మిగులుతాయి. పిసినారితనం అక్కడ మాత్రం వద్దు. అవసరానికి మించి కాస్త ఎక్కువ వాట్ల ఎస్‌ఎంపీఎస్ తీసుకుంటే దాని ఫ్యాన్‌కు పని తగ్గుతుంది. కొన్ని మోడళ్లలో, లోడ్ తక్కువున్నంతసేపూ, అసలు తిరగదు.