వెబ్‌సైట్‌లో దొంగ పడితే...
పేజీ బాగైనంత మాత్రాన ముప్పు తొలగదు

వరంగల్: 2019 ఏప్రిల్ నెలాఖరున కరెంటు బిల్లు కడదామని ఉత్తర మండల విద్యుత్ పంపిణీ సంస్థ వెబ్‌సైట్ తెరిచిన వినియోగదారులకు చుక్కెదురైంది. హనుమకొండ నక్కలగుట్ట కేంద్రంగా పనిచేసే ఈ సంస్థతోపాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోని ఇతర డిస్కంలూ ఈ దాడికి గురయ్యాయి. సర్వర్లలోకి చొరబడిన దుండగులు సమాచారానికి తాళం వేసి, తీయాలంటే బిట్‌కాయిన్లు చెల్లించాలని డిమాండ్ చేశారు. నకలు విడిగా భద్రపరిచి ఉండటంతో గండం గడిచింది. అదే లేకుంటే ఎవరెంత కట్టారో, ఎవరెంత బాకీ ఉన్నారో తేల్చడం గగనమయ్యేది.

ఆ దాడి బాహాటంగా జరిగింది కనుక వెంటనే తెలిసింది. చప్పుడు లేని చొరబాటు అంతకంటే ప్రమాదకరం. కళాశాల, ఆసుపత్రి, చిట్‌ఫండ్... ఏ వెబ్‌సైట్ అయినా తెరపై కనిపించే పేజీ దుకాణం ముఖద్వారం వంటిది. పేర్లు, ఫోన్ నంబర్లు, మార్కులు, బకాయిలు ఉండే డేటాబేస్ లోపలి ఖాతా పుస్తకం. దొంగ చూపు దానిపైనే ఉంటుంది.

హాల్‌టికెట్ నంబరు నింపాల్సిన గడిలో నంబరుకు బదులు డేటాబేస్‌కు ఇచ్చే ఆజ్ఞను టైపు చేస్తారు. వచ్చినదాన్ని పరీక్షించకుండా లోపలికి పంపే వెబ్‌సైట్ ఆ ఆజ్ఞను పాటించి, వివరాలన్నీ అప్పగిస్తుంది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌గా పిలిచే ఈ ఎత్తుగడ 1998లోనే బహిరంగమైంది. పాతికేళ్లు దాటినా ఇంకా పారుతోందంటే అది దొంగల తెలివి కాదు, కాపలా లేమి.

నకలు ఏనాటిది?

చొరబాటు తెలియగానే నిన్నటి నకలు ఎక్కించి ఊపిరి పీల్చుకోవడం పరిపాటి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. దొంగ దొరికిన రోజు వేరు, ప్రవేశించిన రోజు వేరు. రెండింటి మధ్య వారాలు, నెలలు గడిచి ఉండవచ్చు. ఆ నడుమ తీసిన నకలు ఎక్కిస్తే దొంగను తిరిగి ఇంట్లోకి పిలిచినట్లే. అందుకే ముందు సర్వర్‌ను ఇంటర్నెట్ నుంచి వేరుచేయాలి. ఉన్నది ఉన్నట్లుగా ఒక ప్రతిని సాక్ష్యంగా పక్కన పెట్టాలి. రాకపోకలు నమోదయ్యే లాగ్‌లు చదివి ఏ రోజున, ఏ దారిన వచ్చారో పట్టుకోవాలి. అంతకుముందరి నకలు ఎక్కించి, తర్వాతి లావాదేవీలను రసీదులు, బ్యాంకు లెక్కలతో సరిచూసి చేర్చాలి. విసుగు పుట్టించే పనే అయినా అడ్డదారి లేదు.

అంత పాత నకలు లేనప్పుడు డేటాబేస్‌నే జల్లెడ పట్టాలి. ఎవరూ ఎరుగని అడ్మిన్ ఖాతాలు, వ్యాసాల మధ్య దాచిన స్క్రిప్టులు, ఏదైనా మార్పు జరగగానే తమంతట తామే నడిచే ట్రిగ్గర్లు ఉన్నాయేమో చూడాలి. ఫొటోల ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైలు కనిపిస్తే అనుమానించాల్సిందే. పాస్‌వర్డ్‌లు దారి మూసిన తర్వాతే మార్చాలి. ముందే మారిస్తే కొత్తవీ దొంగ చేతికి చిక్కుతాయి.

గడిలో నింపినది ఆజ్ఞగా కాక కేవలం సమాచారంగానే చేరేలా ప్రోగ్రాం రాయించడం మొదటి రక్షణ. వెబ్‌సైట్ వాడే డేటాబేస్ ఖాతాకు అవసరమైన అధికారాలే ఇవ్వాలి. మైఎస్‌క్యూఎల్ 3306 పోర్టును బయటి ప్రపంచానికి తెరిచి ఉంచరాదు. వినియోగదారుల పాస్‌వర్డ్‌లను ఉన్నవి ఉన్నట్లు కాక హ్యాష్ రూపంలో దాచాలి.

ఇటువంటి ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తమకు తెలపాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలనీ పేర్కొంది. ప్రైవేటు సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు రెండింటికీ ఇది వర్తిస్తుంది. చొరబాటుదారులకు ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు లేదా రూ.5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు.

నకలును అదే సర్వర్‌లో ఉంచితే తాళం దానికీ పడుతుంది. వేరొక చోట, నెట్‌తో సంబంధం లేకుండా ఉంచి, అప్పుడప్పుడు మరో కంప్యూటర్‌లో ఎక్కించి తెరుచుకుంటోందో లేదో చూసుకోవాలి.