లాగోస్‌లో ఎబోలాను ఆపింది ఎవరు?

2014 జులై 20న నైజీరియాలోని లాగోస్ ఎయిర్‌పోర్టులో విమానం దిగిన పాట్రిక్ సాయర్ అక్కడే కుప్పకూలిపోయాడు. లైబీరియా ఆర్థిక శాఖ తరఫున పశ్చిమాఫ్రికా దేశాల సమావేశానికి బయల్దేరిన మనిషి. ప్రభుత్వ డాక్టర్లు సమ్మెలో ఉండటంతో ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. మలేరియా అనుకుని వైద్యం మొదలుపెట్టారు. ఆ సమ్మె ఒకందుకు మంచిదే అయ్యింది. కిక్కిరిసిన పెద్దాసుపత్రి వార్డులో పడుకోబెట్టి ఉంటే ఎంతమందికి అంటుకునేదో!

మర్నాడు ఆయన్ను చూసిన డాక్టర్ స్టెల్లా అడాడెవోకు అనుమానం వచ్చింది. ఎబోలా రోగులెవరినీ కలవలేదని ఆయన బుకాయించినా ఆమె నమ్మలేదు. పరీక్షకు నమూనాలు పంపి, ఆయన్ను విడిగా ఉంచింది. డిశ్చార్జి చేయాలని లైబీరియా అధికారుల నుంచి ఒత్తిడి వచ్చినా గడప దాటనివ్వలేదు. జులై 25న ఆయన చనిపోయాడు. అప్పటికే ఆమెకూ వైరస్ సోకింది. ఆగస్టు 19న ఆమె కన్నుమూసింది.

లాగోస్ దాదాపు రెండు కోట్ల జనం ఉన్న నగరం. ఎబోలా సోకినా లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 21 రోజులు పడుతుంది. ఆలోగా ఎయిర్‌పోర్టులో నుదుటికి ఎన్ని థర్మామీటర్లు గురిపెట్టినా పట్టుబడదు. అందుకే ఆ తనిఖీలు చాలావరకు మన ధైర్యం కోసం చేసేవేనని నా అభిప్రాయం. నైజీరియాను కాపాడింది పోలియో సిబ్బంది. పోలియో కోసం పెట్టుకున్న అత్యవసర కేంద్రం పద్ధతినీ, అందులో ఆరితేరిన డాక్టర్లనూ రోజుల్లోనే ఎబోలా మీదికి మళ్లించారు. రోగులతో మెలిగిన 894 మంది పేర్లు రాసుకున్నారు. 21 రోజులపాటు ఇళ్లకు వెళ్లి జ్వరం చూశారు. అలా ఇళ్లకు వెళ్లి చూసిన సార్ల లెక్క 18,500 దాకా తేలింది. ఒకాయన కళ్లుగప్పి పోర్ట్‌హార్కోర్ట్‌కు వెళ్లి గుట్టుగా వైద్యం చేయించుకున్నాడు. వైద్యం చేసిన డాక్టరు చనిపోయాడు, అక్కడ మళ్లీ వందల మంది వెంట పడాల్సి వచ్చింది. అయినా మొత్తం కేసులు 20 దగ్గరే ఆగాయి. మరణాలు 8. అక్టోబరు 20న ప్రపంచ ఆరోగ్య సంస్థ నైజీరియాలో ఎబోలా లేదని ప్రకటించింది.

గినీలో 2013 డిసెంబరులో మొదలైన ఇదే జబ్బును మార్చి దాకా ఎవరూ పోల్చుకోలేదు. గినీ, లైబీరియా, సియెర్రాలియోన్‌లలో 11 వేలమందికి పైగా పోయారు.

పల్స్ పోలియోకు గడపగడపా తిరిగే ఆశాలు, ఏఎన్‌ఎంలు మనకూ ఉన్నారు. రేపు ఏ వైరస్ వచ్చినా పేర్లు రాసుకోవాల్సింది, జ్వరం చూడాల్సింది వాళ్లే. స్కానర్లకు టెండర్లు పిలిచే ముందు వాళ్ల జీతాలు, ఖాళీ పోస్టుల సంగతి చూడాలి. మనవంతు పని చాలా చిన్నది. గల్ఫ్ నుంచో, అమెరికా నుంచో వచ్చాక జ్వరం తగిలితే, ఎక్కడెక్కడ తిరిగి వచ్చారో అడగకముందే డాక్టరుకు చెప్పండి.