రెండు గామా కిరణాలు జంటగా పుట్టాయని ఎలా తెలుస్తుంది?

పాజిట్రాన్, ఎలక్ట్రాన్ కలిసి మాయమై రెండు గామా కిరణాలవుతాయని పాఠంలో చదివిన పిల్లలు అడుగుతారు: "కంటికి కనపడని ఆ రెండూ ఒకేసారి పుట్టాయని ఎవరు చూశారండీ?" అడగవలసిన ప్రశ్నే.

ముందు రెండెందుకో చూద్దాం. కోటిపల్లి రేవులో పక్కపక్కన ఆగిన రెండు పడవల్లో ఒకదాంట్లో నిలబడి రెండోదాన్ని కాలితో నెడితే రెండూ చెరోవైపు జరుగుతాయి. ఒక్కటే జరగడం కుదరదు. పాజిట్రాన్ కూడా పదార్థంలోకి దూరి, వేగమంతా పోగొట్టుకుని, దాదాపు ఆగాకే ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమవుతుంది. అందుకే ఎక్కువగా రెండు కిరణాలు ఎదురెదురు దిక్కుల్లో పోతాయి. మాయమైన ద్రవ్యరాశి శక్తిగా మారి, చెరొకదానికీ 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దక్కుతాయి.

ప్రయోగశాలలో పాజిట్రాన్లను విడిచే సోడియం-22ను మధ్యలో పెట్టి, అటూ ఇటూ సోడియం అయోడైడ్ స్ఫటికాలు నిలుపుతారు. గామా కిరణం తగిలితే స్ఫటికంలో సన్నని మెరుపు పుడుతుంది. దాని వెనకున్న గొట్టం ఆ మెరుపును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. రెండు వైపుల సంకేతాలూ సెకనులో కోటో వంతు లోపల వస్తేనే సర్క్యూట్ 'ఒక జంట' అని లెక్కిస్తుంది.

ఇప్పుడు ఒక స్ఫటికాన్ని అంతే దూరంలో ఉంచి కాస్త పక్కకు తిప్పండి. విడివిడిగా చూస్తే రెండు స్ఫటికాల లెక్కా తగ్గదు. జంటల లెక్క మాత్రం గభాలున పడిపోతుంది. పిల్లల ప్రశ్నకు నాకు తెలిసిన గట్టి జవాబు ఇదే.

సంబంధం లేని రెండు కిరణాలు కాకతాళీయంగా ఒకేసారి తగలవా? తగులుతాయి. అందుకే ఒక సంకేతాన్ని కావాలని ఆలస్యం చేసి మళ్ళీ లెక్కిస్తారు. అప్పుడు నిజమైన జంటలు విడిపోతాయి, మిగిలేవి కాకతాళీయాలే. వాటిని మొదటి లెక్కలోంచి తీసేస్తారు.

భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన స్వామి జ్ఞానానంద పేరు ఇక్కడ చెప్పుకోవాలి. సన్యాసిగా ఐరోపా వెళ్ళిన ఆయన భౌతికశాస్త్రం చేపట్టి, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర బీటా కిరణాలపై పరిశోధించారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. ఒకే కేంద్రకం వెంటవెంటనే విడిచే గామా కిరణాల మధ్య కోణ సంబంధాన్ని విశాఖలో ఈ జంట లెక్కతోనే కొలిచారు.

ఇంకొక సంగతి. పాజిట్రాన్, ఎలక్ట్రాన్ మాయమై పుట్టిన ఆ రెండు కిరణాల మధ్య కోణం కచ్చితంగా 180 డిగ్రీలు కాదు. లోహంలో ఎలక్ట్రాన్ ముందే పరుగెడుతూ ఉంటుంది కాబట్టి డిగ్రీలో చిన్న భాగం తేడా వస్తుంది. బల్లమీది స్ఫటికాలకు ఆ తేడా అందదు. వాటిని మీటర్ల దూరం జరిపి, సన్నని చీలికల వెనక నిలిపితే అందుతుంది. అప్పుడు ఆ కోణాన్నిబట్టి లోహంలోని ఎలక్ట్రాన్లు ఎంత వేగంతో తిరుగుతున్నాయో లెక్కగట్టవచ్చు.