వార్తల్లో పదం: ఎల్‌డీసీటీ

ఎల్‌డీసీటీ అంటే లో డోస్ సీటీ స్కాన్. దగ్గు, ఆయాసం లాంటివేవీ మొదలుకాకముందే, ఏళ్ల తరబడి పొగతాగినవారి ఛాతీని తక్కువ రేడియేషన్‌తో పరీక్షించే పద్ధతి. ఇంజెక్షన్ అక్కర్లేదు. బల్ల మీద పడుకుని ఒక్కసారి ఊపిరి బిగబడితే అయిపోతుంది. కొన్ని మిల్లీమీటర్ల గడ్డ సైతం కనిపిస్తుంది.

అమెరికాలో 53 వేల మందికి పైగా పాల్గొన్న ఎన్‌ఎల్‌ఎస్‌టీ అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నవారితో పోలిస్తే ఈ స్కాన్ చేయించుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. అందరూ చెప్పే అంకె ఇదే. అసలు సంగతి దాని లోపల ఉంది. ఎక్కువగా ఊపిరితిత్తుల అంచుల్లో పుట్టే అడినోకార్సినోమా రకం క్యాన్సర్‌లో మేలు బాగా కనిపించింది. స్క్వామస్ రకంలో మరణాలు తగ్గినట్టు తేలలేదు. స్మాల్ సెల్ రకం మరీ మొండిది. ఏడాదికోసారి తీసే రెండు స్కాన్ల మధ్యలోనే పుట్టి ఒళ్లంతా పాకిపోగలదు.

అమెరికాలో 2021 నుంచి 50-80 ఏళ్లవారికి దీన్ని సూచిస్తున్నారు. రోజుకో సిగరెట్ పెట్టె చొప్పున 20 ఏళ్లు తాగినంత లెక్క ఉండాలి, మానేసి 15 ఏళ్లు దాటకూడదు. మన దగ్గర ఇంకో చిక్కుంది. పాత టీబీ మచ్చలూ స్కాన్‌లో గడ్డల్లాగే కనిపించవచ్చు. అలాంటప్పుడు మళ్లీ స్కాన్, ఒక్కోసారి బయాప్సీ కూడా తప్పవు.