చార్లెసు నామధారులు: సంఖ్యానిర్ణయము

మధ్యయుగ ఐరోపా చరిత్రమున చార్లెసను పేరుగల ప్రభువులు పెక్కండ్రు కలరు. వీరిలో మూఁడవ చార్లెసెవ్వఁడు, నాలుగవ చార్లెసెవ్వఁడు అను ప్రశ్నమునకు ఒక్క సమాధానము చాలదు. సంఖ్య యనునది వ్యక్తినిబట్టిగాక, యాతఁ డధిష్ఠించిన సింహాసనమునుబట్టి యేర్పడుటయే యిందులకుఁ గారణము.

ఫ్రాంకుల రాజగు మహాచార్లెసు 800లో రోమున చక్రవర్తిగా నభిషిక్తుఁడయ్యెను. ఆయన మనుమఁడు 'బట్టతల' చార్లెసు 843 నాఁటి వెర్డన్ సంధివలన పశ్చిమ ఫ్రాంకురాజ్యమును బొంది, 875లో చక్రవర్తి యయ్యెను. వీరిరువురును రెండు వరుసలలోను మొదటివాఁడును రెండవవాఁడును. చిక్కు పిదప వచ్చినది. 881లో చక్రవర్తియైన 'స్థూలకాయ' చార్లెసు చక్రవర్తులలో మూఁడవవాఁడు. ఇతఁడు పశ్చిమ రాజ్యమును సైతము కొంతకాల మేలినను, ఫ్రాన్సురాజుల లెక్కలో మూఁడవ చార్లెసనఁగా 893లో నభిషిక్తుఁడైన 'సింప్లెక్స్' చార్లెసే.

బిరుదములును నిరపాయములు కావు. స్థూలకాయుఁడను పేరు సమకాలికులు పెట్టినది కాదు. 12వ శతాబ్దమునఁ గానవచ్చును. సింప్లెక్స్ అను లాటిను పదమునకు నిష్కపటుఁడని యర్థము; దానిని మందబుద్ధి యని గ్రహించుట యా రాజునెడ నన్యాయము.

కావున దానపత్రములలోని రాజ్యవర్షములే మేలైన యాధారము. సింప్లెక్స్ చార్లెసు పత్రములలో మూఁడు గణనములు గలవు: 893 నాఁటి యభిషేకము, ప్రతిపక్షరాజగు ఓడో మరణానంతరము 898లో సమగ్రరాజ్యప్రాప్తి, 911లో లొథరింగియాలాభము. ఈ మూఁడును పరస్పరము సరిపోయినచో పత్ర మాతనిదని నిర్ణయించుట సులభము.

నాలుగవ చార్లెసు విషయము మఱింత విచిత్రము. బొహీమియా రాజపుత్రుఁడగు వాత్స్‌లావు బాల్యమున ఫ్రాన్సు రాజసభలోఁ బెరిగి, అచటి రాజగు నాలుగవ చార్లెసు (1322–1328) పేరునే స్వీకరించెను. ఇతఁడు 1355లో చక్రవర్తియై తానును నాలుగవ చార్లెసయ్యెను; బొహీమియా రాజులలో మాత్రము మొదటివాఁడు. 1378లో నితఁడు పారిసునకుఁ బోయినపుడు స్వాగతమిచ్చిన ఫ్రాన్సురాజు ఐదవ చార్లెసు. సంఖ్యలను మాత్రమే చూచువారు ఈతఁ డాతని యుత్తరాధికారి యని భ్రమింతురు, నిజమునకు మేనల్లుఁడు.

కనుక పాఠశాలలలో నిట్టి రాజులఁ బేర్కొనునపుడు సంఖ్యతోపాటు రాజ్యమును, పాలనాకాలమును జెప్పుట యావశ్యకము. అట్లు చెప్పనిచో నొకని కార్యములు మఱియొకనికి సంక్రమించును.