మతోన్మాదము - ముస్లిము తల్లుల మాట

విశాఖపట్టణమున ఓడలు రేవులోనికి వచ్చు కాలువ యొద్ద మూడు కొండలు వరుసగా నిలిచియున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి యాలయము, రాసుకొండపై మేరీమాత దేవాలయము, మూడవదానిపై ఇషాక్ మదీనా వారి దర్గా గలవు. 1933లో హార్బరు తెరువబడుటకు ఎంతో పూర్వమే ఈ దర్గా ప్రసిద్ధి కెక్కెను. తుపానునుండి బయటపడిన హిందువులైన ఓడయజమానులు వెండితో చిన్న ధోనీలు చేయించి ఇచట సమర్పించుచుండిరని పందొమ్మిదవ శతాబ్దమున వ్రాయబడిన జిల్లా చరిత్రమువలన తెలియుచున్నది. నేటికిని మనవారు పలువురు ఆ మెట్లెక్కి మ్రొక్కులు చెల్లించుచునే యున్నారు.

ఈ కొండక్రింది వీథులలో కాపురముండు ముస్లిము సోదరీమణులు నలువురితో గడచిన మాసమున మేము రెండు మధ్యాహ్నములు కూర్చుండి మాటలాడితిమి. మతము పేరిట ఎచ్చటనైన హింస జరిగినప్పుడెల్ల పత్రికలవారు నాయకులను, మౌల్వీలను, పోలీసు అధికారులను అడుగుదురేగాని, ఇంట అన్నము వడ్డించు తల్లి నడుగువారు లేరు. "ఖండించుమని మాత్రము అందరును మమ్ము అడుగుదురు, మేమేమి చూచుచున్నామో యెవ్వరును అడుగరు" అని వారిలో నొకామె నవ్వుచు ననెను. ఆ నవ్వులో సంతోషము లేదు.

నలువురిలో పెద్దయామె భర్త రేవులో కళాసీపని చేసినవాడు. కుమారుడు గాజువాక వైపున గుత్తేదారు క్రింద పనిచేయుచున్నాడు. మూడేండ్ల క్రిందట ఆ పిల్లవాడు మారుట ఆమె కనిపెట్టెను. మొదట సినిమాపాటలు మానెను. రాత్రులు ఫోనులో ఎవరో దూరదేశపు బోధకుని ప్రసంగములు వినుచుండెను. పిమ్మట తల్లిని దర్గాకు పోవలదనెను. చెల్లెలిని కాలేజీ మానుమనెను. ఆ సంక్రాంతికి పొరుగింటినుండి ఇరువది యేండ్లుగా వచ్చుచున్న అరిసెల పళ్లెమును త్రిప్పి పంపుమనెను.

"నాకు భయము వేసినది ఆనాడే నమ్మా. పాట మానుట భక్తి కావచ్చును. పొరుగామె మొగముమీద తలుపు వేయుమనుట భక్తి యెట్లగును?" అని ఆమె మాతో ననెను.

ఆమె ఏమి చేసినదో సోదరీమణులు వినవలెను. తిట్టలేదు, ఫోను లాగికొనలేదు. వాడు ఎంత ప్రొద్దుపోయి వచ్చినను తాను భుజింపక కాచుకొని, వానితో కలిసి తినుచు, "ఈ రాత్రి ఏమి వింటివి? నాకును చెప్పుము" అని అడుగుచుండెను. చిన్ననాడు ఆమె ఖురానును అరబ్బీలో వల్లించుట నేర్చెనేకాని అర్థ మెరుగదు. (మనలో లలితాసహస్రనామములు కంఠస్థము చేసినవారెందరు అర్థ మెరుగుదురు?) అందుచే కూతురిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని తెలుగు అనువాదమును చదివించుకొనెను. ఖురానును మొట్టమొదట తెనిగించినవాడు, ఆంధ్రభాషా చరిత్రము రచించిన చిలుకూరి నారాయణరావుగారని మేము చెప్పగా తల్లియు కూతురును మిక్కిలి ఆశ్చర్యపడిరి. ఆ గ్రంథము రెండవ అధ్యాయమున 256వ వాక్యము మతవిషయమున నిర్బంధమును నిషేధించుచున్నది. దానిని కుమారుని ముందుంచి, "చెల్లెలిని నిర్బంధించు అధికారము నీకెవ్వరిచ్చిరి?" అని అడిగెను. తాను చాలక, వాని మేనమామ ద్వారా ఒక వృద్ధుడైన మౌల్వీని భోజనమునకు పిలిపించెను. ఎనిమిది మాసములు పట్టినది. చెల్లెలు కాలేజీ మానలేదు. పిల్లవాడు నేటికిని దర్గాకు పోడు, పాట పాడడు. అరిసెలు మాత్రము తినుచున్నాడట.

ఇచట కాలేజీలో చదువుకొను యువతి యొకతె మా తొందరపాటును సరిదిద్దెను. "నేనును దర్గాకు పోను. దేవుని తప్ప వేరొకరిని ప్రార్థింపరాదని నా విశ్వాసము. అంతమాత్రమున నేను ఉన్మాదినా? నేను పోకుండుట నా మతము. మా అమ్మీని పోనీయకుండుట దౌర్జన్యము." మేము చదివిన వ్యాసము లెన్నిటిలోనో ఈ భేదము ఇంత స్పష్టముగా గానరాలేదు.

సంశయము కలిగినప్పుడు ఎవరికి చెప్పుకొందురని అడుగగా నలువురును కొంతసేపు మాటలాడలేదు. వారికి హైదరాబాదున బంధువులున్నారు. అచట 2007 మే 18న మక్కామసీదులో ప్రార్థనకు వచ్చినవారిపై బాంబు ప్రేలెను. ఆగస్టు 25న లుంబినీ పార్కునందును గోకుల్ చాట్ నందును ప్రేలిన బాంబులకు 42 మంది మరణించిరి. మసీదు ప్రేలుడు పిమ్మట పట్టుబడిన ముస్లిము యువకులు పలువురు నిర్దోషులని తేలిరి. 2012లో ప్రభుత్వము 70 మందికి పరిహార మిచ్చెను. 2013లో హైకోర్టు దానిని చెల్లదనెను. ఇవి యెరిగిన తల్లి, కుమారునిపై అనుమానము కలిగినను, ఠాణా మెట్లెక్కుటకు జంకును. అయితే 2014లో సిరియా ఉగ్రవాదులతో చేరబోయిన తెలంగాణ యువకులు కొందరిని కలకత్తాలో ఆపి, బోధించి, తలిదండ్రులకే అప్పగించిరి. అట్టి మార్గ మున్నదని తెలిసిన తల్లి ముందుగానే నోరు విప్పునని వారి యభిప్రాయము. వియన్నాలో 2008లో ఉగ్రవాదమునకు వ్యతిరేకముగా నొక స్త్రీల సంఘము వెలసినది. పాకిస్థాను, నైజీరియా మొదలగు దేశములలో తల్లులకు పిల్లలలోని మార్పును గుర్తించుట నేర్పవలెనను తలంపు దానివలనను ప్రబలినది. మన కళాసీవారి యిల్లాలికి ఆ సంఘము పేరైన తెలియదు.

మతోన్మాదము మొదట తనవారినే కాటువేయును. రజాకార్ల దౌర్జన్యమును ఖండించుచు ఇమ్రోజు పత్రికను నడపిన షోయబుల్లాఖానుని 1948 ఆగస్టు 21 రాత్రి హైదరాబాదులో వారే చంపి, వ్రాయు చేతిని నరికిరి. ఆయనకు ముప్పదియేండ్లైన నిండలేదు. ఆయనయు, ఆయనకై యేడ్చిన తల్లియు, భార్యయు ముస్లిములే.

ఇక మా సంగతి చెప్పవలసియున్నది. ఆ పిల్లవాడు మారుచున్న దినములలోనే వారు అద్దెయిల్లు వెదకుచు మా వీథికి వచ్చిరి. ఇంటియజమానుడు పేరడిగి, ఇల్లు అద్దెకు పోయినదనెను. అది ఖాళీగా నున్నదని మే మెరుగుదుము. ఎరిగియు నోరు మెదపలేదు. "ఫోనులో చెప్పినది నిజమేకదా అమ్మీ, వీరు మనలను చేరనీయరు" అని ఆ రాత్రి కుమారుడనెనట. అంతకాలము తాను పోగుచేసిన మాటలన్నియు ఆ యొక్కపూటతో కొట్టుకొనిపోయినవని ఆ తల్లి మాతో చెప్పెను. ఆనాడు మేము అచటనే యుంటిమని తలవంచుకొని చెప్పితిమి.

"తెలియును. మీరు అరుగుమీద బియ్యము చెరుగుచుంటిరి" అని ఆమె మా గ్లాసులో మరికొంత టీ పోసెను.

ఆ యజమానునిదే మేడమీది భాగము ఈ నెల ఖాళీ యైనది. ఆదివారమున మా వారును మేమును ఆయన యింటికి పోవుచున్నాము.